దొంగ నోటు పరీక్ష అంగడిలోనే జరగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. వనపర్తి జిల్లా పెబ్బేరు శనివారం అంగడికి ఒక్కసారైనా వెళ్లినవాళ్లకు తెలిసిన సంగతే, అక్కడ గొర్రెల బేరాలు పొద్దు పొడవకముందే మొదలవుతాయి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి రాత్రికి రాత్రే ట్రాలీ ఆటోల్లో జీవాలు దిగుతాయి. కొనేవాళ్లు హైదరాబాద్ నుంచి, కర్నూలు నుంచి, కర్ణాటక వైపు నుంచి డీసీఎం వ్యాన్లు వేసుకొని వస్తారు. బేరం తెగి డబ్బు చేతులు మారే సమయానికి అక్కడుండే వెలుతురు చాలా చోట్ల సెల్‌ఫోన్ టార్చిదే. అమ్మినాయన నోట్లు లెక్కపెట్టుకొని బనియన్ జేబులో పెట్టుకుంటాడు. లెక్క సరిపోయిందా లేదా అన్నదొక్కటే చూస్తాడు. నోటు మంచిదా కాదా అని చూసుకునే తీరిక అప్పుడు ఉండదు. ఎలా చూసుకోవాలో ఆయనకు చెప్పినవాళ్లూ లేరు.

నా ఉద్యోగమంతా బ్యాంకు క్యాష్ కౌంటర్లోనే గడిచింది. ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తిరిగి, హెడ్ క్యాషియరుగా రిటైరై ఇప్పుడు వనపర్తిలో ఉంటున్నాను. నోటు మీద నకిలీ ముద్ర కొట్టాల్సి వచ్చినప్పుడల్లా కౌంటర్ అవతల ఎవరు నిలబడి ఉండేవారో నేను మరిచిపోలేదు. పత్తి అమ్ముకున్న రైతు, సంఘం కిస్తీ కట్టడానికి వచ్చిన మహిళ, పుణెలోనో బొంబాయిలోనో పని చేసి పండక్కి ఊరికి వచ్చిన కూలీ. దొంగ నోట్లు అచ్చేసేవాళ్లు బ్యాంకు మెషిన్ ముందుకు ఎందుకు వస్తారు? వాళ్లకు కావలసింది చీకటి, రద్దీ, తొందర. ఆ మూడూ అంగడిలో దొరుకుతాయి. పరీక్ష చేసే యంత్రాలేమో బ్యాంకులో ఉన్నాయి. నోటు అక్కడిదాకా వచ్చేసరికి నష్టపోవాల్సినవాడు నష్టపోయే ఉంటాడు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా వీధి చివర ఉండే, గొర్రెలు కాసుకునే ఒక కురుమ కుటుంబం. ఈ మధ్య పొట్టేళ్లు అమ్మిన డబ్బులతో ఎరువుల దుకాణానికి వెళితే, మూడు 500 నోట్లు అక్కడి మెషిన్ తిప్పికొట్టింది. ఆ ఇంటి అబ్బాయి నోట్లు పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, దుకాణపాయన తీసుకుంటలేడు, మిషన్ల పెడితే మొత్తుకుంటుంది. బ్యాంకుకు పోతే వాళ్లూ తీసుకోలే. ఎవరిచ్చిండ్రో వాళ్లకే ఇచ్చుకో అన్నరు" అన్నాడు. నోటు ముట్టుకోగానే తెలిసింది. కాగితం మెత్తగా, జారుతూ ఉంది. కాగితంలో భద్రతా దారం ఉండాల్సిన చోట మెరిసే సిరాతో గీత గీశారు. వంచితే నీలానికి మారాల్సిన కింది 500 అంకె ఎటు వంచినా ఆకుపచ్చగానే ఉంది. వెలుతురుకు పెట్టి చూస్తే గాంధీ బొమ్మ కాగితం లోపల లేదు, పైన తెల్లటి సిరాతో అద్దిన మరక కనబడింది. పొట్టేలును పెంచడానికి ఎంత మేత, ఎంత నడక పడుతుందో ఆ ఇంట్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. 1500 రూపాయలు వాళ్లకు చిన్న మొత్తం కాదు.

ఆ నోట్లు పోవడం ఒక బాధ. కానీ బ్యాంకు కౌంటర్లో ఆ అబ్బాయికి చెప్పిన మాట నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే నేను కూర్చున్న కుర్చీలాంటి కుర్చీలోంచే ఆ మాట వచ్చింది. రిజర్వు బ్యాంకు నిబంధన ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. కౌంటరుకు వచ్చిన నోటు నకిలీదని తేలితే దాని మీద ముద్ర వేసి బ్యాంకు స్వాధీనం చేసుకోవాలి. తెచ్చినవాళ్లకు నిర్ణీత నమూనాలో రసీదు ఇవ్వాలి. వాళ్లు సంతకం పెట్టనన్నా సరే, రసీదు ఇవ్వాల్సిందే. ఆ నోటును తిరిగి చేతికి ఇవ్వకూడదు, చింపేయకూడదు. స్వాధీనం చేసుకోకుండా వదిలేస్తే ఆ బ్యాంకు కూడా దొంగ నోట్ల చలామణీలో కావాలని భాగమైనట్టే లెక్క కడతారు, జరిమానా కూడా ఉంటుంది. ఒకే లావాదేవీలో నాలుగు వరకు వస్తే నెలాఖరున అన్నీ కలిపి పోలీసులకు రిపోర్టు చేస్తారు. అయిదు లేదా అంతకు మించి వస్తే వెంటనే ఎఫ్ఐఆర్ కోసం ఫిర్యాదు చేస్తారు. ఇదంతా తెలిసి కూడా కొన్ని కౌంటర్లలో "మాకెందుకు ఈ రాతకోతలు" అని నోటు వెనక్కి తోసేస్తున్నారు. లైన్లో యాభై మంది ఉన్నప్పుడు రసీదు పుస్తకం తీయడం ఎంత విసుగో నాకు తెలుసు. అయినా తీయాలి. ఆ నోటు వెనక్కి పోతే ఆ సాయంత్రమే ఇంకొకరి చేతిలో ఉంటుంది. బస్ కండక్టరుకు ఇస్తారు, కూరగాయల ముసలమ్మకు ఇస్తారు, ఏమీ తోచకపోతే గుడి హుండీలో వేస్తారు.

జనం బ్యాంకుకు వెళ్లడానికి భయపడేది పోలీసు కేసుకు. దీని గురించి కూడా రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 178 నుంచి 182 వరకు సెక్షన్లు దొంగ నోట్లకు సంబంధించినవి. అచ్చేసినవాళ్లకు యావజ్జీవం దాకా శిక్ష ఉంది. దగ్గర ఉంచుకోవడం నేరం కావాలంటే అది నకిలీదని తెలిసి ఉండాలి, దాన్ని అసలు నోటులా చెలామణీ చేయాలనే ఉద్దేశం ఉండాలి. న్యాయమైన మార్గంలో వచ్చిందని నిరూపించుకోగలిగితే అది నేరమే కాదని చట్టంలోనే వివరణ రాశారు. తెలియక తీసుకున్నవాడు దోషి కాడు. తెలిశాక ఇంకొకరికి అంటగట్టినవాడు దోషి. మన ఊళ్లలో ఇది తలకిందులుగా అర్థమైంది. బ్యాంకుకు తీసుకెళితే కేసు, పక్కవాడికి ఇచ్చేస్తే పీడ పోయింది అనుకుంటున్నారు. నిజాయితీగా వచ్చినవాడికి కౌంటర్లో కసురుకోవడమే ఎదురైతే అలా అనుకోక ఏం చేస్తారు?

బ్యాంకు స్వాధీనం చేసుకున్నప్పుడు డబ్బు మాత్రం తిరిగి రాదు. ఖాతాలో కూడా జమ చేయరు. ఆ కుటుంబం నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. సర్కారు ఎందుకు ఇవ్వదు, మా తప్పేముంది అని. నేను ఎంత ఆలోచించినా ఆ నియమం సరైనదే అనిపిస్తుంది. దొంగ నోటుకు బదులు మంచి నోటు ఇస్తామంటే, అచ్చేసేవాళ్లే మనుషులను పెట్టి లైన్లో నిలబెడతారు. కాబట్టి పోయిన డబ్బుకు మందు లేదు. నోటు చేతికి వచ్చే ఆ ఒక్క క్షణంలోనే పట్టుకోవాలి. ఆ క్షణం బ్యాంకులో ఉండదు. అంగడిలో ఉంటుంది, మార్కెట్ యార్డులో ఉంటుంది, జడ్చర్ల దగ్గర జాతీయ రహదారి మీద రాత్రిపూట పెట్రోల్ పోసే కుర్రాడి చేతిలో ఉంటుంది, మిర్యాలగూడ మిల్లుల దగ్గర వడ్ల లారీ దింపి కూలి తీసుకునే హమాలీ చేతిలో ఉంటుంది. నోటును కాపాడే సాంకేతికత ఎంత ఉన్నా, ఆ చేతులకు అందకపోతే అది ఉన్నట్టు కాదు.

సమస్య చిన్నదేమీ కాదు. రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ప్రకారం 2024-25లో బ్యాంకుల్లో పట్టుబడిన కొత్త సిరీస్ 500 నోట్లు లక్షా 17 వేలు దాటాయి. అంతకు ముందు ఏడాది 85 వేల పైచిలుకు. ఇవి బ్యాంకు దాకా వచ్చి పట్టుబడినవి మాత్రమే. ఇలా బ్యాంకుల్లో పట్టుబడిన మొత్తం దొంగ నోట్లలో 95 శాతానికి పైగా దొరికింది రిజర్వు బ్యాంకులో కాదు, మామూలు బ్యాంకుల్లోనే. దేశంలో చలామణీలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం దాకా 500 నోట్లదే. 2000 నోటును 2023 మే 19న ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించాక పెద్ద నోటంటే ఇదొక్కటే. దొంగల గురి కూడా దాని మీదే ఉంటుంది.

మన నోటును ఎంత శ్రద్ధతో తయారు చేస్తారో తెలిస్తే జనం దాన్ని ఇంకోలా చూస్తారు. ఆ కాగితం కర్రగుజ్జుతో చేసింది కాదు, పూర్తిగా పత్తితో చేసింది. నల్లగొండ, పాలమూరు రైతుకు పత్తి పోగు ఎలా ఉంటుందో ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే అసలు నోటు వేళ్ల మధ్య పెళపెళమంటుంది, తడిసినా ఇట్టే చిరిగిపోదు. గాంధీ బొమ్మ, అశోక స్తంభం ముద్ర, అంచుల్లో గీతలు ఉబ్బెత్తుగా తగిలేలా అచ్చు వేస్తారు. గోటితో తడిమితే గరుకు తెలుస్తుంది. కాగితంలోకి దిగిన దారం మీద హిందీలో భారత్ అని, ఇంగ్లిష్‌లో ఆర్‌బీఐ అని ఉంటుంది. నోటును వంచితే ఆ దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. కింద కుడివైపు రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అలాగే మారుతుంది. ఈ రంగు మారే సిరా మామూలు ప్రింటర్లలో దొరకదు, కలర్ జిరాక్స్ తీస్తే ఏదో ఒక రంగే వస్తుంది. నన్నడిగితే అంగడిలో మనిషికి నేర్పాల్సింది మొట్టమొదట ఇదే. చదువు రాకపోయినా, కళ్లజోడు లేకపోయినా, నోటును అటూ ఇటూ వంచితే చాలు. టార్చి వెలుతురులో కూడా కనబడుతుంది.

ఇంకాస్త వెలుతురు ఉంటే నోటును ఎత్తి చూడాలి. కుడివైపు ఖాళీ జాగాలో గాంధీ బొమ్మ, పక్కన 500 నీడలా కనబడతాయి. అది సిరా కాదు. కాగితం తయారయ్యేటప్పుడే ఒక చోట దళసరిగా, ఒక చోట పలుచగా చేసి తెచ్చిన బొమ్మ. అందుకే మామూలుగా పట్టుకున్నప్పుడు దాదాపు కనబడదు, వెలుతురుకు పెడితే మెత్తని నీడలతో తేలుతుంది. నకిలీలో గీతలు గట్టిగా, బొగ్గుతో గీసినట్టుంటాయి, లేదంటే వెలుతురు లేకుండానే కనబడిపోతాయి. ముందువైపు సగం, వెనకవైపు సగం అచ్చు వేసిన ఒక చిన్న 500 అంకె కూడా ఉంటుంది. వెలుతురులో రెండూ కలిసి పూర్తి అంకె అవుతాయి. నంబరులో అంకెలు చిన్నగా మొదలై పెద్దవవుతూ పోతాయి. ఇంకా చాలా ఉన్నాయి గానీ, గొర్రెల మందలో నిలబడ్డ మనిషికి అన్నీ చెప్పి గందరగోళం చేయనక్కర్లేదు. తడమడం, వంచడం, ఎత్తి చూడడం, ఈ మూడు పనులు అలవాటైతే నాసిరకం నకిలీలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. తువ్వాల కింద వేళ్లు పట్టుకొని వేల రూపాయల బేరం తేల్చే చేతులివి. నోటు ఉబ్బును పసిగట్టడం వీళ్లకు కష్టమా?

మా వనపర్తి బస్టాండు దగ్గర చూపు లేని ఒకాయన పల్లీలు అమ్ముతాడు. నోటు విషయంలో ఆయన వేళ్లకున్న తెలివి మా బ్యాంకులో చాలామందికి ఉండేది కాదు. 500 నోటుకు అంచుల్లో అయిదు గీతలు, కుడివైపు గుండ్రటి గుర్తు. 200 నోటుకు నాలుగు గీతలు, మధ్యలో రెండు చిన్న సున్నాలు. 100 నోటుకు నాలుగు గీతలు, త్రికోణం గుర్తు. ఇవన్నీ ఆయన తడిమి చెప్పేస్తాడు. కానీ ఆయనకున్న ఇబ్బందులు కూడా వినాలి. కొత్త నోట్ల పొడవులో తేడా చాలా తక్కువ, 100 నోటు 142 మిల్లీమీటర్లు, 200 నోటు 146, 500 నోటు 150. వెడల్పేమో మూడింటికీ ఒకటే, 66. చేతులు మారీ మారీ నోటు నలిగితే ఆ ఉబ్బెత్తు గుర్తులు అరిగిపోతాయి. చూపు లేనివాళ్ల కోసం రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే యాప్ తెచ్చింది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఫోన్ కెమెరా ముందు పెడితే అది ఎంత నోటో పలుకుతుంది. చాలా మంచి పని. అయితే అది నోటు విలువ ఎంతో చెబుతుందే తప్ప అసలుదా నకిలీదా చెప్పదు. ఈ తేడా తెలియక, యాప్ అయిదు వందలు అనగానే నోటు మంచిదే అనుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఆ పల్లీలాయనకు నేను ఇదే చెబితే, "మరి నాలాంటోనికి అది చెప్పే మిషన్ ఎప్పుడొస్తదమ్మా?" అని అడిగాడు. నేనిప్పుడు అదే ప్రశ్న మీ పత్రిక ద్వారా రిజర్వు బ్యాంకును అడుగుతున్నాను.

ఇక యంత్రాల సంగతి. దుకాణాల్లో కనబడే చిన్న మెషిన్లు ముఖ్యంగా లెక్క పెట్టడానికి చేసినవి. అతినీలలోహిత కాంతి, అయస్కాంత సిరా లాంటి ఒకటి రెండు పరీక్షలు వాటిలో ఉంటాయి. బ్యాంకుల్లో ఉండే సార్టింగ్ మెషిన్లు వేరు, అవి ఒక్కో నోటునూ అనేక సెన్సర్లతో చదివి అసలు, నకిలీ, చిరిగినవి, మాసినవి విడదీస్తాయి. వీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2024లో ఒక ప్రమాణం కూడా నిర్ణయించింది. దుకాణాల్లోని కౌంటింగ్ మెషిన్లకు కూడా అలాంటి కచ్చితమైన ప్రమాణం ఉండి, కొనేవాడికి పెట్టె మీద కనబడాలని నా అభిప్రాయం. ఇప్పుడు దుకాణదారు "ఫేక్ డిటెక్షన్" అనే మాట చూసి కొంటున్నాడు, అది ఏమేం పరీక్షిస్తుందో అమ్మేవాడికీ తెలియదు.

అతినీలలోహిత టార్చి మాత్రం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, అంగడిలో బాగా పనికొస్తుంది. మామూలు తెల్ల కాగితంలో మెరుపు కోసం రసాయనం కలుపుతారు కాబట్టి ఆ దీపం కింద కాగితమంతా నీలం తెలుపుగా వెలిగిపోతుంది. నోటు కాగితంలో ఆ రసాయనం ఉండదు. కాగితం చీకటిగానే ఉండి, నంబర్లు, లోపల చల్లిన సన్నటి పోగులు మాత్రమే మెరుస్తాయి. ఇందులో ఒక చిక్కు ఉంది. చొక్కా జేబులో మరిచిపోయి సబ్బు పొడితో ఉతికిన అసలు నోటు కూడా ఆ దీపం కింద వెలుగుతుంది, ఎందుకంటే సబ్బు పొడిలో అదే రసాయనం ఉంటుంది. కౌంటర్లో ఇలాంటి నోట్లు నేను చాలా చూశాను. అందుకే మెషిన్ మొత్తుకున్నంత మాత్రాన నోటు దొంగదైపోదు, మొత్తుకోకపోతే మంచిదైపోదు. చేతికి తగిలే గుర్తు, కంటికి మారే రంగు, దీపం చెప్పేది, మూడూ కలిపి చూడాలి. అన్నట్టు, ఆ దీపాన్ని నేరుగా కళ్లలోకి కొట్టుకోకూడదు, పిల్లలకు ఆట వస్తువుగా ఇవ్వకూడదు.

చెప్పేవాళ్లు లేని చోట వాట్సాప్ చెబుతుంది. ఆకుపచ్చ దారం గవర్నరు సంతకం దగ్గర కాకుండా గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే ఆ 500 నోటు దొంగదని ఒక మెసేజ్ ఊరూరా తిరిగింది. అబద్ధం, రెండూ చెల్లుతాయి. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉన్న నోటు నకిలీదని ఇంకొకటి. అచ్చులో పాడైన నోటు బదులు కట్టలో పెట్టే నోటుకు ఆ గుర్తు వేస్తారు, మిగతా నోట్లలాగే చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2023లో ప్రకటన కూడా ఇచ్చింది. ఇక పది రూపాయల నాణెం గురించి చెప్పనే అక్కర్లేదు. అప్పటిదాకా వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018లోనే చెప్పినా మన దగ్గర కిరాణా కొట్టులో, ఆటోలో ఇప్పటికీ వద్దంటారు. అసలు నాణేన్ని అనుమానంతో తిప్పికొట్టే చోటనే దొంగ నోటు నమ్మకంగా చేతులు మారుతోంది.

ఏటీఎం నుంచే దొంగ నోటు వచ్చిందని కొందరంటారు. ఏటీఎంలో పెట్టే నోట్లను ముందే మెషిన్లో పరీక్షించాలి. నకిలీ నోటు ఏటీఎం నుంచి వస్తే ఆ బ్యాంకే దాన్ని చలామణీ చేయబోయినట్టు పరిగణిస్తామని రిజర్వు బ్యాంకు రాసి పెట్టింది. కాబట్టి డబ్బు తీసుకోగానే అక్కడే లెక్కపెట్టి చూసుకోండి. అనుమానం వస్తే కెమెరాకు నోటును, నంబరును చూపించండి, స్లిప్ దాచుకోండి, వెంటనే శాఖకు వెళ్లండి. ఇంటికి వెళ్లి మరునాడు వస్తే అది ఏటీఎంలోదే అని నిరూపించడం చాలా కష్టం.

పిల్లల ఆట నోట్ల గురించి కూడా ఒక మాట. "చిల్డ్రన్ బ్యాంక్" అని రాసిన నోట్లు రంగులో, సైజులో అసలువాటిలాగే అచ్చేసి దుకాణాల్లో అమ్ముతున్నారు. కట్టకు పైనా కిందా అసలు నోటు పెట్టి మధ్యలో వీటిని దోపితే, మసక వెలుతురులో చూపు తగ్గిన ముసలివాళ్లు పోల్చుకోలేరు. నోటును పోలిన కాగితాలు అచ్చేయడం న్యాయ సంహిత 182వ సెక్షన్ ప్రకారం నేరమే. కానీ దానికి జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 300 రూపాయలు. ఒక్క 500 నోటు విలువ కూడా లేని ఆ జరిమానాకు ఎవరు భయపడతారు? దాన్ని పెంచమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

ఇంత చెప్పినా అంగడిలో మనిషి నోటును ఎత్తి చూడడానికి మొహమాటపడతాడు. అదే అసలు అడ్డంకి. ఇచ్చినవాడి ముందే నోటును వంచి చూస్తే "ఏందన్నా, నా మీద నమ్మకం లేదా?" అంటాడు. ఏళ్ల తరబడి బేరాలు చేస్తున్న దళారి మధ్యలో నిలబడి "నేనున్న కదా" అంటాడు. ఆ మాట తర్వాత నోటు చూసే ధైర్యం ఎవరికుంటుంది? కాగితాల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ప్లాటు అమ్మేవాడు పాస్‌బుక్ జిరాక్స్, ఆధార్ జిరాక్స్ చూపిస్తే కొనేవాడు వాటిని పరీక్షించడం మర్యాద కాదనుకొని బయానా ఇచ్చేస్తాడు. ఆధార్ మీద ఉన్న క్యూఆర్ కోడ్‌లో పేరు, ఫొటోతో పాటు ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. ఆ సంస్థ ఇచ్చిన యాప్‌తో చదివితే కార్డు మీద ఫొటో, కోడ్ లోపలి ఫొటో ఒకటేనా కాదా నిమిషంలో తెలిసిపోతుంది. భూమి వివరాలు ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరుతో చూసుకోవచ్చు. చూసుకునే సదుపాయం ఉండి కూడా అడగడానికి నోరు రాదు. బ్యాంకు కౌంటర్లో ఈ మొహమాటం ఎందుకు లేదు? అక్కడ కలెక్టరు గారి డబ్బునైనా మెషిన్లో వేస్తారు కాబట్టి. అందరికీ ఒకే నియమం ఉన్నప్పుడు ఎవరూ అవమానంగా తీసుకోరు.

అందుకే నేను అడుగుతున్నది అంగడిలోనే ఒక బల్ల, ఒక దీపం. మున్సిపాలిటీలు, గ్రామ పంచాయతీలు ఏటా అంగడి వేలం వేస్తాయి. పాడుకున్న కాంట్రాక్టరు జీవానికి ఇంత అని రుసుం వసూలు చేసుకుంటాడు. ఆ వేలం షరతుల్లోనే ఒకటి చేర్చాలి: అంగడి మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా మంచి వెలుతురున్న ఒక షెడ్డు, అందులో నోట్లను పరీక్షించే మెషిన్, అతినీలలోహిత దీపం, నేర్చుకున్న ఒక మనిషి ఉండాలి, ఉచితంగా. రుసుం చీటీ తీసుకునే చోటే డబ్బు లెక్క కూడా జరిగితే కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరి ముందే నోటు పరీక్ష అయిపోతుంది. అక్కడే అనుమానం వస్తే కొన్నవాడు నోటు మార్చి ఇస్తాడు, లేదా జీవం అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. పెబ్బేరుతో మొదలుపెట్టి దేవరకద్ర లాంటి పశువుల అంగళ్లకూ, బాదేపల్లి, నాగర్‌కర్నూల్, నల్లగొండ వైపు మార్కెట్ యార్డులకూ ఇది విస్తరించవచ్చు. ఖర్చు పెద్దదేమీ కాదు, ఒక అంగడి రోజు వసూలయ్యే రుసుంలో అది లెక్కలోకి కూడా రాదు.

నేర్పేవాళ్లు కూడా మన దగ్గర ఉన్నారు. ఊరూరా మహిళా సంఘాలున్నాయి, బ్యాంకు తరఫున ఊళ్లోనే పనిచేసే బ్యాంక్ మిత్రలున్నారు. మాలాంటి రిటైరైన క్యాషియర్లం ప్రతి పట్టణంలో ఉన్నాం, పిలిస్తే పైసా తీసుకోకుండా వచ్చి నేర్పుతాం. జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులు ప్రతి మండలంలో ఆర్థిక అక్షరాస్యత సభలు పెడుతున్నారు గానీ, వాటిలో బీమా, పొదుపు, డిజిటల్ చెల్లింపుల గురించి చెప్పినంతగా చేతిలో ఉన్న నోటు గురించి చెప్పడం లేదు. ఫోన్‌పేలు వచ్చాక నగదు పోయిందని పట్నంలో అనుకోవచ్చు. గొర్రెల అంగడికి వచ్చి చూడండి, లక్షల రూపాయలు ఇంకా కట్టల్లోనే నడుస్తున్నాయి.

బ్యాంకు శాఖల మేనేజర్లకు నా విన్నపం ఒక్కటే. నకిలీ నోటుతో వచ్చిన మనిషిని దొంగలా చూడకండి, వెనక్కి పంపకండి. కూర్చోబెట్టి, ఏ గుర్తు ఎక్కడ తప్పిందో చూపించి, రసీదు ఇచ్చి పంపండి. ఖాతాదారుల హక్కుగా ఆ రసీదు గురించి తెలుగులో పెద్ద అక్షరాలతో కౌంటర్ పక్కన బోర్డు పెట్టండి. మా వీధి అబ్బాయితో నేను మళ్లీ ఆ శాఖకు వెళ్లి మేనేజరుతో మాట్లాడాక రసీదు ఇచ్చారు. వెంట ఎవరూ లేకుండా వెళ్లిన మనిషికి కూడా అది అంతే తేలిగ్గా దొరకాలి.

మీ పత్రిక జిల్లా పేజీలో అంగడి ధరలు వేస్తున్నట్టే, శుక్రవారం నాడు నోటు గుర్తుల గురించి నాలుగు వాక్యాలు వేయగలరేమో ఆలోచించండి. శనివారం పెబ్బేరుకు బయలుదేరేవాళ్లకు ముందురోజే అవి అందుతాయి. వచ్చే వేలానికి ముందు షరతులు మార్చమని కోరుతూ మా కాలనీవాళ్లం, కొందరు గొర్రెల కాపరులతో కలిసి మున్సిపల్ అధికారులకు వినతిపత్రం ఇస్తున్నాం. దాని ప్రతిని ఈ ఉత్తరంతో జతచేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ క్యాషియర్,
వనపర్తి